గ్లాసులో సగం ఐసే: ఇంట్లో మంచి ఐసు చేసుకోవడం ఎలా

బాటిల్ కొనేటప్పుడు లేబుల్ మీద ప్రతి అక్షరం చదువుతాం. సోడా ఏ కంపెనీదో చూస్తాం. నిమ్మకాయ నొక్కి చూసి మరీ తీసుకుంటాం. తీరా గ్లాసులో పోసే వేళకి, ఫ్రీజర్ మూలన ఎప్పటినుంచో పడి ఉన్న ట్రేని లాగి, బోర్లించి గట్టుకేసి కొట్టి, రాలినన్ని ముక్కలు వేసేస్తాం. గ్లాసులో సగం చోటు ఆ ముక్కలదే. కరిగి కడుపులోకి వెళ్లేవీ అవే. పక్కనున్న మటన్ కవరు వాసన, అల్లంవెల్లుల్లి పేస్టు వాసన పట్టిన ఐసు వేసుకుని, ఈసారి విస్కీ ఏదో తేడాగా ఉందని బ్రాండుని తిట్టుకుంటాం.

మంచి ఐసుకి మెషీను అక్కర్లేదు. రొట్టెలు పెట్టుకునే హాట్‌ప్యాక్, బ్రెడ్డు కోసే పళ్ల కత్తి, అప్పడాల కర్ర ఉంటే చాలు. కాస్త ముందుచూపు మాత్రం కావాలి, ఎందుకంటే చుట్టాలు కారు దిగాక మొదలుపెడితే అయ్యే పని కాదు. మందు ప్రస్తావన వస్తుంది కాబట్టి ఒక మాట: తెలంగాణలో మందు కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. ఐసుకి అలాంటి పట్టింపు లేదు, నన్నారి షర్బత్‌లోనూ ఇంతే బాగుంటుంది.

ముందు సోడాని ఫ్రిజ్‌లో పెట్టండి

ఐసు గురించి చెప్తానని సోడా దగ్గర మొదలుపెట్టాడేంటి అనుకోకండి. మన ఊళ్లో ఐసు గురించి వినే ఫిర్యాదుల్లో సగం నిజానికి వేడి సోడా గురించే.

ఐసు గ్లాసుని చల్లబరిచేది ముఖ్యంగా తాను కరిగి. ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జౌల్స్ వేడిని లాక్కుంటుంది. అదే గ్రాము, ఫ్రీజర్‌లోని మైనస్ 18 డిగ్రీల నుంచి సున్నా దాకా రావడానికి తీసుకునేది 38 జౌల్సే. కాబట్టి "కరగకూడదు, కానీ చల్లబరచాలి" అని ఐసుని అడిగి లాభం లేదు. చల్లదనం కావాలంటే నీళ్లు కలుస్తాయి. ఎన్ని కలవాలన్నదే మన చేతిలో ఉంది.

మే నెల మధ్యాహ్నం వంటింటి గట్టు మీదున్న సోడా 35 డిగ్రీలు ఉందనుకోండి. అందులో 200 మిల్లీలీటర్లు 5 డిగ్రీలకు దిగాలంటే సుమారు 64 గ్రాముల ఐసు కరగాలి. మామూలు ట్రే ముక్కలు నాలుగైదు పూర్తిగా నీళ్లైపోయినట్టు. అదే సోడా ఫ్రిజ్‌లోంచి 8 డిగ్రీల చల్లదనంతో వస్తే 6 గ్రాములు చాలు. పది రెట్ల తేడా! ఎంత గొప్ప ఐసు చేసినా, వేడి సోడా పోస్తే రెండు నిమిషాల్లో పలచని నీళ్లే మిగులుతాయి.

అందుకే మొదటి పని ఐసు కాదు. సోడా, టానిక్, నిమ్మరసం, పంచదార పాకం, ఏవేవి కలపబోతున్నారో అన్నీ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. గ్లాసులు తాగే ముందు ఒక పావుగంట ఫ్రీజర్‌లో ఉంటే ఇంకా మంచిది. విస్కీ, వోడ్కా, జిన్ లాంటివి ఫ్రీజర్‌లో పెట్టినా గడ్డకట్టవు. మన దగ్గర వాటిలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, ఇంటి ఫ్రీజర్ దానికి చాలదు. బీరు, వైను, సోడా సీసాలు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే పగులుతాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, సీసా ఉబ్బదు.

ఏ నీళ్లు?

హైదరాబాద్‌లో వీధికో రకం నీళ్లు. ఒకచోట మంజీరా, ఒకచోట కృష్ణా, ఒకచోట గోదావరి, కొత్త అపార్ట్‌మెంట్ల వైపు వెళితే బోరూ ట్యాంకరూ కలగలిసిన సంపు నీళ్లు. ఐసుకి సూత్రం ఒక్కటే. ఉత్తగా గ్లాసుడు తాగితే రుచిగా ఉన్న నీళ్లే ఐసుకి పనికొస్తాయి. తాగబుద్ధి కాని నీళ్లు గడ్డకట్టినంత మాత్రాన బాగుపడవు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే వెడల్పాటి గిన్నెలో రాత్రంతా మూత లేకుండా ఉంచండి, లేదా ఒకసారి మరిగించండి, పోతుంది. బోరు నీళ్లతో ఇంకో తంటా ఉంది. వాటితో చేసిన ఐసు కరిగాక గ్లాసు అడుగున తెల్లటి పొడి తేలుతుంది. అది మురికి కాదు, నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం గడ్డకట్టేటప్పుడు బయటపడి అలా కనిపిస్తుంది. ఆరోగ్యానికి చేటేమీ లేదు గానీ, చుట్టాల ముందు ఈ సంగతి వివరిస్తూ కూర్చోలేం. బోరు నీళ్లు మరిగిస్తే ఆ కాల్షియంలో కొంత గిన్నె అడుగున పేరుకుంటుంది. పూర్తిగా చల్లారనిచ్చి, పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకోవాలి. ఆర్ఓ ఫిల్టర్ ఉంటే ఈ గొడవే లేదు. 20 లీటర్ల క్యాన్ నీళ్లయినా పర్వాలేదు.

రెండుసార్లు మరిగించిన నీళ్లతో చేస్తే ఐసు గాజులా వస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. మరిగిస్తే నీళ్లలో కరిగి ఉన్న గాలి కొంత పోయే మాట నిజమే. కానీ అవి చల్లారేలోపు మళ్లీ గాలి పీల్చుకుంటాయి. పైగా మామూలు ట్రేలో పోస్తే నడుమ తెలుపు ఎలాగూ తప్పదు. రెండుసార్లు కాదు, పదిసార్లు మరిగించినా అంతే. ఎందుకో కొంచెం కింద చెప్తాను.

ఫ్రీజర్ వాసన

ఐసు రుచి చెడేది ఎక్కువగా నీళ్ల వల్ల కాదు, ఇరుగుపొరుగు వల్ల. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్న ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఒకే ఫ్యాను గాలిని పైకీ కిందికీ తిప్పుతుంటుంది. కింది అరలో పులుస్తున్న దోసెల పిండి, మూత సరిగా పెట్టని ఉల్లిపాయ ముక్కలు, నిన్నటి చేపల పులుసు, అన్నిటి వాసనా ఫ్రీజర్‌కి చేరుతుంది. ఐసు ఆ వాసనని పట్టేస్తుంది. రంజాన్ నెలలో హలీం డబ్బాలు పెట్టిన ఫ్రీజర్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తిరిగే గాలి పొడి గాలి కూడా. మూత లేని ట్రేలో ముక్కలు వారం పది రోజుల్లో చిక్కి, అంచులు అరిగి కనిపించడానికి కారణం అదే. ఐసు కరగకుండానే నేరుగా ఆవిరై పోతుంటుంది.

పని చిన్నదే. గడ్డకట్టాక ముక్కల్ని ట్రేలోంచి తీసి, జిప్ కవర్లోనో గట్టి మూత డబ్బాలోనో వేసేయండి. ట్రేలో ఐసు తయారవ్వాలి, అంతేగానీ అక్కడే కాపురం పెట్టకూడదు. రెండు వారాలు దాటిన ముక్కల్ని బకెట్‌లో వేసి, కరిగాక మొక్కలకు పోసి, కొత్తవి పెట్టుకోండి. సిలికాన్ ట్రేలు వాసన ఇంకా గట్టిగా పట్టుకుంటాయి, పైన తెల్లటి పొర కూడా కడుతుంది. వేడినీళ్లలో కాస్త వెనిగర్ కలిపి గంటసేపు నానబెట్టి, కడిగి, బాగా ఆరనిస్తే పోతుంది. ఘాటు సువాసన ఉన్న సబ్బుతో రుద్దితే మాత్రం ఆ సువాసనే తర్వాత పెగ్గులోకి వస్తుంది.

ముక్క ఎంత ఉండాలి?

మామూలు ట్రే ముక్క ఇంచుమించు 2.5 సెంటీమీటర్లు. అలాంటివి ఎనిమిది కలిపితే 5 సెంటీమీటర్ల పెద్ద ముక్క ఒకటి. బరువు ఒకటే. కానీ ఎనిమిది చిన్న ముక్కల పైతలం 300 చదరపు సెంటీమీటర్లు, పెద్ద ముక్కది 150. మందుకి తగిలేది పైతలమే కాబట్టి పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది. అంతే బరువున్న గుండ్రటి బంతి అయితే 121 చదరపు సెంటీమీటర్లే. బార్లలో బంతి ఐసు వేసి బిల్లు కాస్త బరువెక్కిస్తారు గానీ, ఘనం నుంచి బంతికి మారితే తగ్గేది ఐదో వంతు మాత్రమే. ట్రే ముక్కల నుంచి పెద్ద ఘనానికి మారితే సగానికి సగం తగ్గుతుంది. ముందు ఆ మార్పు చేయండి, బంతి మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

5 సెంటీమీటర్ల సిలికాన్ ట్రేలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, బేగంబజార్‌లో గిన్నెలు, కేకు సామాను అమ్మే దుకాణాల్లోనూ అడగొచ్చు. మెత్తగా వంగిపోయేది కొనకండి. నీళ్లు నింపి ఫ్రీజర్ దాకా మోసుకెళ్లేలోపు సగం నేలపాలవుతాయి. మెత్తనిదే ఇంట్లో ఉంటే స్టీలు పళ్లెంలో పెట్టి నింపండి. మంచి నీళ్లు, పెద్ద ట్రే, మూత ఉన్న డబ్బా: రోజువారీ వాడకానికి ఇక్కడ ఆగిపోయినా చాలు. ఇకపై చెప్పబోయేది కంటికి కూడా విందు కావాలనుకునేవాళ్ల కోసం.

గాజులాంటి ఐసు

చెరకు రసం బండి మీద గోనె సంచి కప్పిన ఐసు దిమ్మని ఈసారి కాస్త ఆగి చూడండి. అంచులు నిగనిగలాడుతూ ఉంటాయి, నడిమధ్యలో పొడుగునా తెల్లటి చార ఉంటుంది. ఫ్యాక్టరీలో పొడవాటి ఇనుప డబ్బాల్లో నీళ్లు నింపి, వాటిని బాగా చల్లటి ఉప్పునీటి తొట్టిలో దింపుతారు. చలి నాలుగు పక్కల నుంచి వస్తుంది. నీరు గడ్డకట్టేటప్పుడు తన వరుసలో ఇమడని గాలినీ లవణాలనీ, పనికిరాని ఇటుకని మేస్త్రీ పక్కకి నెట్టినట్టు, ముందుకు నెట్టేస్తూ పోతుంది. నాలుగు వైపుల నుంచీ నెట్టుకొస్తే అవన్నీ పోయి పోయి నడిమధ్యలో ఇరుక్కుంటాయి. ఆ తెల్ల చార అదే. మీ ఐసు ట్రేలో ప్రతి ముక్కలోనూ ఇదే జరుగుతోంది. మరిగించినా తెలుపు పోకపోవడానికి కారణమూ ఇదే.

చలి ఒక్క వైపు నుంచే వస్తే? చలిదేశాల చెరువుల్లో జరిగేది అదే. పైనుంచి మాత్రమే గడ్డకడుతుంది, గాలి, మలినాలు కింది నీళ్లలోకి దిగిపోతాయి, పైన స్వచ్ఛమైన పలక తేలుతుంది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి అలాంటి చెరువుల ఐసునే కోయించి, రంపపు పొట్టులో కప్పి, 1833లో కలకత్తాకు ఓడలో పంపాడు. సుమారు 180 టన్నులు బయలుదేరితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత 100 టన్నుల దాకా చేరింది. మద్రాసులో మెరీనా ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ వ్యాపారం కోసమే. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. మద్రాసు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు.

ఇదే కిటుకుని ఇంటి ఫ్రీజర్‌లోకి తెచ్చి, మూత లేని చిన్న కూలర్ డబ్బాలో నీళ్లు గడ్డకట్టించే పద్ధతిని 2009లో క్యాంపర్ ఇంగ్లిష్ అనే అమెరికన్ రచయిత ప్రచారంలోకి తెచ్చాడు. మన ఫ్రీజర్లలో అంత డబ్బా పట్టదు. దాని బదులు మనకి హాట్‌ప్యాక్ ఉంది. వేడిని లోపల ఆపే గోడ, చలిని బయట ఆపుతుంది. మూత తీసేస్తే చలికి దారి పైనుంచి ఒక్కటే.

1. లీటరు, లీటరున్నర పట్టే హాట్‌ప్యాక్ తీసుకోండి. ముందు ఖాళీదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి తలుపు పడుతోందో లేదో చూసుకోండి. మసాలా వాసన పట్టిన పాత బిర్యానీ హాట్‌ప్యాక్ వద్దు. ఐసుకి వేరేగా ఒకటి ఉంచుకోవడం మేలు.

2. ఫ్రిజ్‌లో చల్లబడిన తాగే నీళ్లు పోయండి. మరిగించక్కర్లేదు. పైన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి.

3. మూత లేకుండా ఫ్రీజర్‌లో సమంగా ఉండే చోట పెట్టండి. చుట్టుపక్కల వాసన వచ్చే పొట్లాలన్నీ గట్టిగా కట్టేయండి, ఎందుకంటే ఈ ఐసు రోజంతా తెరిచే ఉంటుంది.

4. 16 గంటల తర్వాత ఒకసారి చూడండి. 18 నుంచి 24 గంటల మధ్య, ముప్పాతిక వంతు గడ్డకట్టి అడుగున ఇంకా నీళ్లు ఆడుతుండగానే తీసేయాలి. ఫ్రీజర్‌ని బట్టి, ఎన్నిసార్లు తలుపు తీశారన్నదాన్ని బట్టి ఈ సమయం మారుతుంది. మీ ఫ్రిజ్ లెక్క మొదటిసారికే తెలిసిపోతుంది.

5. గట్టు మీద బోర్లించి వదిలేయండి. ఎండాకాలంలో పది నిమిషాల్లో, చలికాలంలో ఇంకాస్త ఆలస్యంగా, దానంతటదే జారి పడుతుంది. కత్తితో పెకిలించకండి, వేడినీళ్లు పోయకండి. అడుగున మిగిలిన నీళ్లు పారబోయండి. మలినాలన్నీ చేరింది అందులోనే.

నాలుగో అంకె దగ్గర నిర్లక్ష్యం పనికిరాదు. పూర్తిగా గడ్డకట్టనిస్తే రెండు నష్టాలు. చివర గడ్డకట్టే నీరు ఉబ్బడానికి చోటు లేక హాట్‌ప్యాక్ లోపలి గోడని పగలగొట్టవచ్చు. అడుగున తెల్లటి, బుడగల పొర కూడా తయారవుతుంది, దాన్ని కోసి తీసేయడానికి చాలా చాకిరీ. కరెంటు పోయి వస్తున్న రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. సగం కరిగి మళ్లీ గడ్డకట్టిన పలకలో పొరలు పొరలుగా మచ్చలు కనిపిస్తాయి.

హాట్‌ప్యాక్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి అంచు ముక్కలు వంకరగా వస్తాయి. చక్కటి ఘనాలే కావాలంటే చిన్న థర్మాకోల్ పెట్టె వెతకండి. మందుల షాపులకి ఇన్సులిన్ లాంటివి అందులోనే వస్తాయి, అడిగితే ఇస్తారు. చేపల మార్కెట్ పెట్టె మాత్రం వద్దు, ఎందుకో మీకే తెలుసు. థర్మాకోల్‌లో నేరుగా నీళ్లు పోస్తే గింజల సందుల్లోంచి కారుతుంది, పైగా తినే వస్తువుకి తగలడం మంచిది కాదు. లోపల సరిగ్గా ఇమిడే నలుచదరపు ప్లాస్టిక్ డబ్బా పెట్టి, అందులో నీళ్లు పోయండి.

బంతులు కావాలంటే ఒక చిన్న ఉపాయం. పైన ఒకే చిల్లు ఉన్న బంతి అచ్చుని నీళ్లతో నింపి, చిల్లు కిందికి వచ్చేలా, అంచు దాకా నీళ్లు నింపిన రెండు పొరల స్టీలు మగ్గు మీద బోర్లించండి. అచ్చులోని నీరు ముందు గడ్డకడుతుంది, గాలి చిల్లులోంచి మగ్గులోకి దిగిపోతుంది. ఫ్రీజర్‌లో ఎత్తు సరిపోవడమే కష్టం.

కోయడం

ఫ్రీజర్‌లోంచి తీసిన పలక పైన మంచు పొడి పట్టి మసకగా ఉంటుంది. అప్పుడే కత్తి పెడితే ఇష్టమొచ్చినట్టు బద్దలవుతుంది. మడిచిన నూలు తువ్వాలు మీద పెట్టి, మసక పోయి నీటి మెరుపు వచ్చేదాకా ఆగండి. డిసెంబరులో అయితే పావుగంట పైనే పట్టొచ్చు, మే నెలలో ఫ్యాను కింద అయిదు నిమిషాలకే తయారు.

పళ్ల కత్తితో కోయాలనుకున్న చోట ఒక గీత గీయండి, పావు అంగుళం లోతు చాలు. కత్తిని ఆ గీతలోనే ఉంచి, వెనక వైపు అప్పడాల కర్రతో చిన్నగా టకటకమని కొట్టండి. బలం అక్కర్లేదు. గీత వెంట తిన్నగా విడిపోతుంది. ఆ శబ్దం, ఆ విడిపోవడం చూస్తే ఇంకో పలక చేయాలనిపిస్తుంది, అది వేరే సంగతి. పట్టుకునే చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి. తడి ఐసు, పళ్ల కత్తి, చేతిలో గ్లాసు ఒకేసారి ఉండకూడదు. కోయడం పూర్తయ్యాకే మొదటి పెగ్గు.

ముక్కల్ని స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాతే జిప్ కవర్లో వేయండి. తడిగా ఉన్నప్పుడే కవర్లో పోస్తే మళ్లీ ఒకే దిమ్మ అవుతుంది. వంకర ముక్కలు, పెచ్చులు పారేయకండి, నలగ్గొట్టి చేసే పొడి ఐసుకి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

గ్లాసులో వేసేటప్పుడు

ఇంత కష్టపడి చేసిన ముక్కని ఫ్రీజర్‌లోంచి తీసీతీయగానే గ్లాసులో వేసి విస్కీ పోస్తే, టప్‌మని పగుళ్లు పోయి గాజుతనమంతా పాడవుతుంది. లోపల మైనస్ 18, పైన 25 డిగ్రీల విస్కీ. తట్టుకోలేదు. ముక్కని గిన్నెలో వేసి, పైన నీటి మెరుపు వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి పోయండి. పగుళ్లు రావు. తేరిన ఆ నీటిని గ్లాసులోకి రానివ్వకుండా వంచేయాలి.

సోడా పోసేవాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది. గరుకుగా, మంచు పొడి పట్టిన ఐసు మీద సోడా పోస్తే భుస్సున పొంగి గ్యాసంతా అప్పుడే పోతుంది. ప్రతి గరుకు చుక్కా ఒక బుడగ పుట్టే చోటు. ఐసుని చల్లటి నీళ్లతో ఒక్కసారి కడిగి, ఆ నీళ్లు వంచేసి, గ్లాసుని వంచి పక్క నుంచి సోడా పోస్తే చాలాసేపు చురుక్కుమంటూ ఉంటుంది.

గ్లాసులో ఎంత ఐసు వేయాలన్న దగ్గర మనవాళ్లలో ఒక పిసినారితనం ఉంది. "ఐసు తక్కువేయ్ అన్నా, పలచనైతది" అంటారు. నిజానికి జరిగేది తలకిందులు. రెండు ముక్కలు వేస్తే అవి చల్లబరచలేక పూర్తిగా కరిగిపోతాయి, చివరికి గోరువెచ్చని నీళ్లు మిగులుతాయి. గ్లాసు నిండా వేస్తే అంతా త్వరగా సున్నా దగ్గరికి చేరి, అక్కడి నుంచి కరగడం నెమ్మదిస్తుంది. పొడుగాటి గ్లాసులో విస్కీ సోడా తాగేటప్పుడు ఐసు అంచు దాకా ఉండాలి.

విస్కీ ఉత్తదే తాగేవాళ్లకి, ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ కలుపుకునేవాళ్లకి 5 సెంటీమీటర్ల ముక్క ఒకటి. జిన్ టానిక్, విస్కీ సోడా లాంటి వాటికి పలకని నిలువుగా కోసిన పొడుగు ముక్కలు అందంగా ఉంటాయి, లేకపోతే పెద్ద ఘనాలు మూడు ఒకదాని మీద ఒకటి. విస్కీ సవర్ లాంటి కుదిపి చేసే వాటికి గాజు ఐసు దండగ, ఎలాగూ విరిగిపోతుంది. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన మామూలు ట్రే ముక్కలు వేసి, బిగుతు మూత ఉన్న స్టీలు సీసాలో 12 నుంచి 15 సెకన్లు గట్టిగా కుదిపి, టీ వడగట్టే జల్లెడతో వంపండి. కలిసిన నీళ్లు లోపం కాదు, ఆ డ్రింకు రుచిలో భాగం. బిగించిన సీసాలో సోడా మాత్రం కుదపకండి, గోడలు కడుక్కోవాల్సి వస్తుంది.

నన్నారికి, సబ్జా నిమ్మరసానికి ట్రే ముక్కలే సరి. మజ్జిగలో ఐసు వేయడం నాకు నచ్చదు. కుండలో పెట్టిన మజ్జిగకి ఆ చల్లదనం చాలు, ఐసు వేస్తే ఉప్పూ కారమూ రెండూ చచ్చిపోతాయి. కోల్డ్ కాఫీకి, ఐస్ టీకి డికాషన్‌నే ట్రేలో గడ్డకట్టించి వేసుకోండి, కరిగినకొద్దీ చిక్కబడుతుంది. పంచదార ఎక్కువున్న పాకం మాత్రం ఇంటి ఫ్రీజర్‌లో రాయిలా గట్టిపడదు, మెత్తగా ఉండిపోతుంది. ఐసులో పువ్వులు పెట్టాలన్న సరదా ఉంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గులాబీలు వద్దు. అవి దండల కోసం మందులు కొట్టి పెంచినవి. కడిగిన పుదీనా ఆకు, పలచటి నిమ్మ చక్రం చాలు.

పొడి ఐసు

మొహీటోకి, షర్బత్‌కి, పిల్లల గోలాకి నలగ్గొట్టిన ఐసు కావాలి. మిక్సీలో వేస్తే సగం పొడి, సగం నీళ్లు, అడుగున ముద్ద వస్తుంది. బార్లలో దీనికి మందపాటి కాన్వాసు సంచి వాడతారు. ఇంట్లో ఉతికిన మందపాటి నూలు సంచి అదే పని చేస్తుంది. ముక్కల్ని అందులో వేసి, మూతి మెలిపెట్టి, గట్టి చెక్క పలక మీద పెట్టి రోకలి బండతో బాదండి. కారే నీటిని గుడ్డ పీల్చేస్తుంది కాబట్టి ఐసు పొడిపొడిగా వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే కింది అంతస్తువాళ్ల గురించి కూడా ఆలోచించండి, రాత్రి పదింటికి ఈ బాదుడు మొదలుపెడితే వాచ్‌మన్ పైకి వస్తాడు. ముందే బాదుకుని డబ్బాలో పెట్టుకుంటే గంట రెండు గంటలు విడివిడిగానే ఉంటుంది, ఆ తర్వాత అతుక్కుంటుంది. అప్పుడు చెంచాతో పొడిస్తే చాలు.

పదిమంది వచ్చే రోజు

ఎండాకాలంలో మనిషికి కిలో ఐసు లెక్కేసుకోండి, చలికాలంలో అరకిలో. అంత ఐసు ఇంటి ట్రేలలో ఒక్కరోజులో అవ్వదు. మూడు రోజుల ముందు నుంచి రోజూ ట్రేలు నింపి, ముక్కల్ని కవర్లలో వేస్తూ రండి. గాజు ఐసు మనిషికి రెండు ముక్కలు చాలు, మొదటి రెండు గ్లాసుల తర్వాత ఎవరూ ఐసు వైపు చూడరు. తక్కువ పడితే డెలివరీ యాప్‌లలో ప్యాకెట్ ఐసు దొరుకుతుంది. అది తాగే నీటితో చేసినదని ప్యాకెట్ మీద రాసి ఉండాలి.

ఫ్యాక్టరీ దిమ్మ కొంటే దాన్ని గ్లాసులోకి రానివ్వకండి. అది సీసాలు చల్లబరచడానికే. ఒక టబ్బులో పగలగొట్టిన దిమ్మ, సీసాల మెడ దాకా నీళ్లు, నాలుగు గుప్పిళ్ల రాళ్ల ఉప్పు వేసి తిప్పండి. ఉప్పు వల్ల ఆ నీళ్లు సున్నా కంటే కిందికి దిగుతాయి. నీళ్లు సీసాని అన్ని వైపులా తాకుతాయి కాబట్టి ఫ్రీజర్‌లో గంట పట్టే పని పావుగంటలో తేలిపోతుంది. మధ్యలో సీసాల్ని ఒకసారి తిప్పితే ఇంకా త్వరగా చల్లబడతాయి. పోసే ముందు సీసా మూతీ మెడా మంచినీళ్లతో కడిగి తుడవండి. మర్నాడు పొద్దున ఆ టబ్బు నీళ్లు మొక్కలకి పోయకండి, ఉప్పుకి చచ్చిపోతాయి. బాత్రూములో పారబోయండి.